ఏలగిరి కొండకు రెండు ప్రయాణాలు

చెన్నపట్నం నుంచి ఏలగిరి కొండకు దాదాపు 230 కిలోమీటర్లు. కొత్త కార్లలో పోయేవారు తెల్లవారి కాఫీ తాగి బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకు ముందే కొండ మీద ఉంటారు. మాకు ఒకసారి పదమూడు గంటలు పట్టింది. ఆ నాడు పడిన అవస్థ, దాని మూలంగా మా అన్నదమ్ముల మధ్య వచ్చిన తగవు, ఆ తగవు తీర్చుకోవడానికి పుదుపేట వీధులలో తిరిగిన తిరుగుడు, ఆ తరువాత చేసిన రెండవ ప్రయాణం, ఇవన్నీ చదువరులతో చెప్పుకోవాలనిపించింది. మన కుటుంబాలలో పాత కారు దాచుకొన్నవారు ఇంకా కొందరున్నారు. వారికి ఇందులో ఒకటి రెండు మాటలైనా పనికి రావచ్చు.

మా కారు అంబాసిడర్. రెండవ మార్కుది. మా నాయన 1972లో కొన్నారు. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు సీటు బల్లలాగా ఒకటే పొడుగు. ముగ్గురు కూర్చుంటే ఇరుకనిపించదు. ఇంట్లో వేరే చిన్న కారు లేకపోలేదు. కాని మా అమ్మకు 84 ఏళ్లు, రెండు మోకాళ్లూ నొప్పి. చిన్న కారులో గోతిలోకి దిగినట్లు దిగి కూర్చోవాలి, లేచేటప్పుడు ఇద్దరు పట్టుకొని లాగాలి. అంబాసిడర్ తలుపు వెడల్పు, సీటు కుర్చీ ఎత్తు. తనంతట తాను ఎక్కుతుంది, తనంతట తాను దిగుతుంది. ఆ వయసులో ఆ మాత్రం స్వతంత్రం చిన్న విషయం కాదు.

మా పినతల్లిగారు ఏలగిరిలో ఉంటారు. ఆమెకు 81. కొండ దిగి రాలేరు. అందుచేత ఏడాదికొకసారి ఎండాకాలంలో అమ్మే చెల్లెలిని చూడబోతుంది. నాయన ఉన్ననాళ్లూ ఆ ప్రయాణం ఒక పండుగలాగా జరిగేది. ఆయన పోయిన తరువాత ఆ బాధ్యత నాది.

2024 మేలో తెల్లవారుజామున బయలుదేరాము. బెంగుళూరు రోడ్డు ఇప్పుడు చాలా వెడల్పయింది. శ్రీపెరుంబుదూరుకు ముందు ఇరుంగాట్టుకోట్టై వద్ద 1998 నుంచి కార్లు తయారుచేస్తున్న కొరియావారి ఫ్యాక్టరీ కనబడుతుంది. దాని ముందుగా మా ముసలి బండి గంటకు 60 కిలోమీటర్ల నడకతో పోతుంటే కొత్త కార్లు ఈగల్లాగా దాటిపోతున్నాయి. వాలాజా దాటి వేలూరు, ఆ పైన ఆంబూరు. పక్కనే పాలారు. పేరుకు ఏరు, కంటికి ఇసుక. ఈ ప్రాంతాలలో తెలుగు మాట్లాడే ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. టీ అంగడిలో అమ్మ మాట విని పక్క బల్ల మీది ముసలాయన, “మీదే ఊరు తల్లీ?” అని పలకరించాడు. అమ్మకు ప్రయాణంలో సగం ఆనందం అదే.

ఆంబూరు దాటగానే కష్టాలు మొదలయినవి. ఎండ మండిపోతున్నది. బండి రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. ఇది పాత అంబాసిడర్ నడిపిన వారందరికీ తెలిసిన జబ్బే. పెట్రోలు పంపు ఇంజను పక్కనే అంటుకొని ఉంటుంది. వేడి ఎక్కువయితే పంపులోని పెట్రోలు ఆవిరయిపోతుంది. ఆవిరిని ఆ పంపు తోడలేదు. నాయన చేసినట్లే తడిగుడ్డ చుట్టి, అరగంట ఆగి, మళ్లీ బయలుదేరాము.

జోలార్‌పేట దగ్గర పొన్నేరి వద్ద రోడ్డు కొండ వైపు తిరుగుతుంది. పైకి 14 హెయిర్‌పిన్ మలుపులు. ఆరవ మలుపు దగ్గర రేడియేటరు మూత సందు నుంచి ఆవిరి చిమ్మింది. ముళ్ల చెట్టు నీడలో మడత కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టాము. నీళ్లు పోసి, చల్లార్చి, రెండు మలుపులు ఎక్కేసరికి మళ్లీ అదే వరస. పొద్దు గుంకింది. చివరకు పాలు దించి వస్తున్న జీపతను జాలిపడి అమ్మను ఎక్కించుకొన్నాడు. జీపు మెట్టు ఎత్తు. ఇద్దరం ఎత్తి కూర్చోబెట్టవలసి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. మొహం మాత్రం పక్కకు తిప్పుకొన్నది. పినతల్లిగారు వాకిట్లో దీపం పెట్టుకొని కూర్చొని ఉన్నారు. అన్నం ఎప్పుడో చల్లారిపోయింది.

ఆ రాత్రే బెంగుళూరులో ఉన్న మా తమ్ముడికి సంగతి తెలిసింది. ఫోనులో వాడు ఒకటే మాట అన్నాడు: “అన్నా, ఆ ఇంజను తీసి పారేద్దాం. జపాను ఇంజను వేయిద్దాం. నేను డబ్బిస్తాను.” నాకు కోపం వచ్చింది. నాయన చేతి ఇంజను తీసి పారవేయడమా? “కావాలంటే నువ్వు కొత్త కారు కొనుక్కో, దీని జోలికి రావద్దు” అన్నాను. వాడు, “నాయన గుర్తు కోసం అమ్మను రోడ్డు మీద కూర్చోబెడతావా?” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రెండు నెలలు మేమిద్దరం సరిగా మాట్లాడుకోలేదు.

చివరకు అమ్మే మధ్యవర్తి అయింది. “ఒరే, కారు పరుగెత్తాలని నేనెప్పుడడిగాను? మధ్యలో నిలవకుండా పోతే చాలు. మీరిద్దరూ వెళ్లి తెలిసినవాణ్ణి అడగండి” అన్నది. తమ్ముడు బెంగుళూరు నుంచి వచ్చాడు. ఇద్దరం కలిసి పుదుపేట వెళ్లాము.

పుదుపేటను చూడనివారికి ఆ చోటు ఎట్లా ఉంటుందో చెప్పడం కష్టం. ఎగ్మూరు పక్కన, కూవం నది ఒడ్డున ఉన్న పేట అది. నదికి అవతల చింతాద్రిపేట. 1734లో సాలెవారి కోసం ఆ పేటను కట్టినప్పుడు ఆ స్థలం సుంకు రామ అనే మన తెలుగు వర్తకుని తోట అని చరిత్రకారులు చెబుతారు. ఒకప్పుడు అవతలి ఒడ్డున మగ్గాల చప్పుడు; ఇప్పుడు ఇవతలి ఒడ్డున సుత్తుల చప్పుడు. వీధికి రెండు వైపులా చిన్న చిన్న కొట్లు. ఒక కొట్టు నిండా తలుపులే, ఒక కొట్టు నిండా స్టీరింగు చక్రాలే. దండలు గుచ్చినట్లు వేలాడదీసిన గేరు పళ్లచక్రాలు. నేలంతా పాత నూనె కారి నల్లగా, మెత్తగా ఉంటుంది, చెప్పులు అంటుకొంటాయి. కాగితం మీద పేరు రాసి తెచ్చినా, పాడయిన వస్తువు చేతిలో పెట్టినా, “పది నిమిషాలు నిలబడండి” అని కుర్రవాడు సందులోకి మాయమై దానికి జత తెచ్చి పెడతాడు.

ఈ ఊరికి మోటారు సంబంధం ఈనాటిది కాదు. 1948లో పుట్టిన అశోక్ మోటార్స్‌వారు ఎన్నూరులో ఆస్టిన్ ఏ40 కార్లను కూర్చి అమ్మేవారు. ఆ ఆస్టిన్ 1200 సీసీ ఇంజనునే పెంచి, దిద్ది ఇంగ్లండులో బి.ఎం.సి.వారు ఒక ఇంజనుల వరుస చేశారు. అందులోని 1489 సీసీదే మా అంబాసిడర్‌కు వచ్చింది. అంటే మా బండి గుండెకాయకు ఈ ఊరితో దూరపు చుట్టరికం ఉన్నదన్నమాట. కారు రూపం మాత్రం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014 మేలో ఆగిపోయింది. తయారీ ఆగినా పుదుపేటలో దానికి మందులు ఆగలేదు.

మమ్మల్ని ఒక పెద్దాయన దగ్గరకు పంపించారు. అందరూ భాయి అంటారు; మేమూ అట్లాగే పిలిచాము. డెబ్బై దాటిన మనిషి. తమిళం కలిసిన తెలుగులో మాట్లాడాడు. మా తమ్ముడు కూర్చోకముందే, “భాయి, దీనికి ఏ ఇంజను వేస్తే బాగుంటుంది?” అని అడిగాడు. ఆయన నవ్వి, “సారు, రోగిని చూడకముందే ఏ గుండె మార్చాలని అడుగుతారేమి? ముందు చెప్పండి. నెలకు ఎంత దూరం పోతారు? ఎవరు ఎక్కుతారు? ఎక్కడికి?” అన్నాడు. నెలకు వంద కిలోమీటర్లు దాటదు, ఎక్కేది అమ్మ, ఏడాదికి ఒకటి రెండు సార్లు కొండ ఎక్కాలి అని చెప్పాము.

అప్పుడు ఆయన మాకున్న దారులన్నీ వరసగా చెప్పాడు.

మొదటిది డీజిలు. 1980 ప్రాంతంలో అంబాసిడర్‌కు కంపెనీవారే బి.ఎం.సి. డీజిలు ఇంజను పెట్టారు. అదీ 1489 సీసీయే. టాక్సీవారికి ఖర్చు కలిసివచ్చింది. కాని దాని బలం 40 అశ్వశక్తికి మించదు. మా పెట్రోలు ఇంజనుది సుమారు 50. కొండ ఎక్కడానికి బలం తగ్గించుకోవడం తెలివి కాదు. పైగా చప్పుడు, కుదుపు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి అది మంచిది కాదు.

రెండవది మా తమ్ముడు కోరిన జపాను ఇంజను. ఇసుజువారి 1817 సీసీ పెట్రోలు ఇంజను మొదట కాంటెస్సా కారులో వచ్చింది. 1990ల మొదట్లో అంబాసిడర్‌కూ వచ్చింది. సుమారు 75 అశ్వశక్తి, అయిదు గేర్లు. భాయి కొట్టు వెనుక బల్ల మీద ఒకటి ఉన్నది. తుడిచి పెట్టిన వెండి బిందెలాగా మెరుస్తున్నది. తమ్ముడు దాని చుట్టూ రెండు సార్లు తిరిగాడు. “మంచి ఇంజను. నేనే ఎన్నో బండ్లకు వేశాను. రోజూ వంద కిలోమీటర్లు పోయేవారయితే ఇదే పెట్టుకోమంటాను” అన్నాడు భాయి. తమ్ముడు నా వైపు చూశాడు. “కాని సారు, ఇంజను ఒక్కటే మారదు. గేరు పెట్టె మారాలి. స్టీరింగు పక్క గేరు కడ్డీ పోయి నేల మీద గేరు వస్తుంది. ముందు బల్ల సీటు మధ్య మనిషి కాళ్లకు చోటుండదు. వెనుకకు పోయే ఇరుసు కడ్డీ కొలత మారాలి. రేడియేటరు మారాలి. వీటన్నిటికంటే ముందు బ్రేకులు మారాలి.”

బ్రేకుల మాట ఆయన విడమరచి చెప్పాడు. మా బండికి నాలుగు చక్రాలకూ పాతకాలపు డ్రమ్ము బ్రేకులే. బరువు సుమారు 1,100 కిలోలు. 60 వేగంతో పోయే బండిని ఆపడానికి ఎంత శక్తిని మింగాలో, 85 వేగంతో పోయేదాన్ని ఆపడానికి దానికి రెండింతలు మింగాలి. వేగం రెండింతలు కాలేదు, భారం రెండింతలు అయింది. ఆ శక్తి అంతా వేడిగా మారి డ్రమ్ములోనే ఉండిపోతుంది. కొండ దిగేటప్పుడు మలుపు మలుపుకూ ఆ వేడి పేరుకొని, పెడలు తొక్కినా పట్టు దొరకదు. “ఎక్కించే బలం గురించి అందరూ అడుగుతారు. దించే బలం గురించి ఎవరూ అడగరు” అన్నాడు భాయి.

ఇక మూడవది, వాన్ల నుంచి తీసిన ఇంజన్లు. ఒకప్పుడు ఊరూరా వేసేవారు. ఆ మాట ఎత్తగానే ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇక్కడే చట్టం సంగతి వచ్చింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి. పుస్తకంలో ఉన్న వివరాలకూ బండికీ తేడా వచ్చేలాగా మార్పు చేయకూడదు. తయారీదారు నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంజను మార్చాలంటే ముందుగా ఆర్.టి.ఓ. అనుమతి తీసుకోవాలి, కొత్త నంబరు ఆర్.సి.లో ఎక్కాలి. అట్లా చేయకపోతే ప్రమాదం జరిగిన నాడు ఇన్సూరెన్సువారు ముందడిగేది ఆ ప్రశ్నే.

ఇంకొక సంగతి నాకు అంతవరకు తెలియదు. 2021 జులైలో పాత బండ్లకు ప్రత్యేకమైన రూల్సు వచ్చాయి. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా మొదటి రూపంలో ఉన్న బండిని వింటేజి బండిగా రిజిస్టరు చేసుకోవచ్చు. నంబరులో వి.ఏ. అనే అక్షరాలు వస్తాయి. మా బండికి 2022లోనే 50 నిండాయి. అయితే ఆ గౌరవం తీసుకొన్న బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ మరమ్మతుకూ మాత్రమే. అమ్మను కొండకు తీసుకుపోయే బండికి ఆ గౌరవం ఇప్పుడు పనికిరాదు. కాని ఇంజను మారిస్తే ఆ తలుపు ముందు తరానికి కూడా మూసుకుపోతుంది.

ఇన్ని చెప్పి భాయి లేచి మా బండి బానెట్టు ఎత్తాడు. స్పార్కు ప్లగ్గులు విప్పి నాలుగు సిలిండర్లకూ కంప్రెషను కొలిచాడు. మూడు దాదాపు సమంగా ఉన్నాయి. మూడవ సిలిండరు మాత్రం బాగా కిందికి పోయింది. రేడియేటరు విప్పి చూస్తే సగం గొట్టాలు తుప్పుతో, ఉప్పు పొరతో మూసుకొని ఉన్నాయి. పాయింట్లు అరిగి ఇంజను టైమింగు వెనక్కు పోయింది. అది ఇంకా వేడి పెంచుతుంది. “ఈ ఇంజనుకు బలం చాలదని ఎవరన్నారు సారు? దీన్ని ఎన్నాళ్లయింది చూసి?” అని అడిగాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నాయన పోయిన తరువాత ప్రతి ఆయుధపూజకు ఆ బండికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ తొక్కించాను. నాయన గుర్తు అని నలుగురికీ చూపించాను. రేడియేటరు మాత్రం ఒక్కసారి కూడా కడిగించలేదు. నాయన ప్రతి ఏడాదీ ఏలగిరి ప్రయాణానికి నెల ముందే కడిగించేవారు. పూజ చేశాను గాని సేవ చేయలేదు. తమ్ముడు ఆ మాట అనవచ్చు, అనలేదు. “భాయి, మరి ఏమి చేద్దాం?” అని మాత్రం అడిగాడు.

మేము నిర్ణయించుకొన్నది ఇది. ఇంజను అదే ఉంటుంది. దాని చుట్టూ ఉన్నదాన్ని బాగు చేయాలి. పుదుపేటలోనే ఒక లేతు షాపులో సిలిండర్లు రీబోరు చేసి పెద్ద పిస్టన్లు వేశారు. 73 మిల్లీమీటర్ల బోరు 74 అయింది. 1489 సీసీ సుమారు 1,530 అయింది. కొత్త బలం అంటే ఆ కాస్తే. సిలిండరు హెడ్డులో వాల్వులు కూర్చొనే చోట గట్టి ఉక్కు ఉంగరాలు దిగగొట్టారు. ఎందుకంటే పూర్వం పెట్రోలులో సీసం ఉండేది. అది వాల్వులకు మెత్తగా అడ్డం పడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పాత హెడ్డు దానికి ఓర్చుకోలేక లోలోపల అరిగిపోతుంది. ఎథనాలు కలిసిన పెట్రోలు పాత రబ్బరును తినేస్తుంది గనుక పైపులు, పంపులోని పొరలు దానికి తట్టుకొనేవి వేయించాము. 2025 నాటికి నూటికి 20 పాళ్లు కలిపిన పెట్రోలే అంతటా వచ్చింది గనుక ఆ ముందుజాగ్రత్త మంచిదయింది. పంపుకు, వేడి గొట్టానికి మధ్య ఒక రేకు అడ్డం పెట్టారు. పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషను వచ్చింది. రేడియేటరు కొత్త గొట్టాలతో, మునుపటికంటే ఒక వరస ఎక్కువగా కట్టించాము. ముందు చక్రాలకు తరువాతి అంబాసిడర్లకు వచ్చిన డిస్కు బ్రేకులు, కాలి బరువు తగ్గించే బూస్టరు పెట్టించాము. పెట్టే ముందు ఆర్.టి.ఓ. కార్యాలయంలో అడిగి, వారు చెప్పిన ప్రకారమే చేశాము. డబ్బు తమ్ముడు సగం, నేను సగం.

2025 జనవరిలో, సంక్రాంతి అయిన మరుసటి వారం మళ్లీ బయలుదేరాము. ఈసారి తమ్ముడూ వచ్చాడు. చలికాలమని ఒక సాకు ఉందనుకోండి; అయినా బండి తేడా తెలుస్తూనే ఉంది. వేగం 65 దాటనివ్వలేదు. లారీలు కూడా దాటిపోయాయి. తమ్ముడి కాలు రెండు మూడు సార్లు కదిలింది గాని ఊరుకొన్నాడు. ఆంబూరులో అదే టీ అంగడి ముందు ఆగాము. పొన్నేరి దగ్గర నా గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆరవ మలుపు వచ్చింది. ముళ్ల చెట్టు అక్కడే ఉన్నది. వేడి ముల్లు కాస్త పైకి లేచి అక్కడే నిలిచింది. రెండవ గేరులో, ముసలివారు మెట్లెక్కినట్లు తొందర లేకుండా పద్నాలుగు మలుపులూ ఎక్కింది. పైన గాలి చల్లగా తగిలింది. పుంగనూరు చెరువు పక్కగా పోయి పినతల్లిగారి వాకిట్లో ఆపాము.

అమ్మ తలుపు తానే తెరుచుకొన్నది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, “అన్నం వేడిగా ఉన్నదా?” అని చెల్లెలిని అడిగింది.

తిరుగు ప్రయాణంలో కొండ దిగేటప్పుడు తమ్ముడే నడిపాడు. కిందికి వచ్చిన తరువాత, “భాయి చెప్పింది నిజమే అన్నా. దించే బలమే పెద్దది” అన్నాడు. ఆ జపాను ఇంజను మీద వాడి మనసు పూర్తిగా పోలేదని నాకు తెలుసు. బెంగుళూరుకు రోజూ పోయి వచ్చే బండి అయితే వాడి మాటే న్యాయం, నేనూ ఒప్పుకొంటాను. బండి చేయవలసిన పనిని బట్టి ఇంజను ఎంచుకోవాలి గాని, మన ముచ్చటను బట్టీ కాదు, మన బెంగను బట్టీ కాదు.

పుదుపేటకు పోదలచినవారికి రెండు మాటలు. ఉదయం పదిన్నర తరువాత, ఎండ ముదరకముందే వెళ్లండి. పాత వస్తువును గుడ్డలో చుట్టి వెంట తీసుకుపోండి. పేరుకంటే వస్తువే బాగా మాట్లాడుతుంది. ఏది కొన్నా బిల్లు అడగండి; బిల్లు ఇవ్వనన్న చోట ఇంజను కొనవద్దు. అన్నిటికంటే ముందు, కొత్త ఇంజను బేరమాడక మునుపు పాత ఇంజను కంప్రెషను కొలిపించండి, రేడియేటరు కడిగించండి. మాకు పదమూడు గంటల ప్రయాణం, రెండు నెలల మౌనం అయిన తరువాత గాని ఆ సంగతి తెలియలేదు.